దశమభాగం

మా ఆసుపత్రిలో టీకా నూటికి నూరుపాళ్ళూ పనిచేసింది. ఇది ఊరికే అంటున్న మాట కాదు, ఫైలుంది. ఆ ఫైలు నడిపినవాణ్ణి నేనే. పేరు అవతారం, ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్లో సీనియర్ అసిస్టెంటుని. గోదావరి ఒడ్డున మూడువందల మంది సిబ్బంది ఉన్న పెద్దాసుపత్రి మాది. ఊరి పేరు చెప్పను. చెబితే మిగతా ఆసుపత్రులు చిన్నబుచ్చుకుంటాయి.

టీకా కనిపెట్టిన శాస్త్రవేత్తలు అది తొంభై శాతం కాపాడుతుందని మాత్రమే చెప్పగలిగారు. మిగతా పదీ వాళ్ళ వల్ల కాలేదు. పాపం, వాళ్ళ దగ్గర ప్రయోగశాల ఉంది గాని ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షను లేదు.

మహమ్మారి రెండోసారి విరుచుకుపడక ముందే మా సిబ్బంది అందరికీ రెండు సూదులూ పడ్డాయి. అంతవరకూ అంతా సవ్యంగానే ఉంది. అప్పుడు ప్రత్యేకాధికారి గారు వీడియో సమావేశం పెట్టారు. మహమ్మారి పనులు అజమాయిషీ చెయ్యడానికి రాజధాని నుంచి మా జిల్లాకి పంపిన అధికారి ఆయన. తెర మీద ఆయన తల ఒక్కటే కనిపించేది, అదీ నుదురు నుంచి పైకి.

"టీకా సామర్థ్యం ఎంత?" అని ఆ నుదురు అడిగింది.

"తొంభై శాతం సార్," అన్నారు మా సూపరింటెండెంటు డాక్టర్ విశ్వపతి గారు.

"సిబ్బంది?"

"మూడువందలు సార్."

"అంటే రెండువందల డెబ్బై మంది రక్షితులు. ముప్పై మంది అరక్షితులు. ఆ ముప్పై మంది పేర్లేవి?"

విశ్వపతి గారు ఎముకల డాక్టరు. విరిగినదాన్ని అతికించడం తెలుసు గాని పైఅధికారి మాట విరవడం ఆయనకి చేతకాదు. పక్కనే కూర్చున్న డాక్టర్ హరిణి వైపు చూశారు. అంటువ్యాధుల లెక్కలు ప్రత్యేకంగా చదువుకున్న చిన్న డాక్టరమ్మ ఆవిడ. లెక్కలు తెలిస్తే చెప్పెయ్యాలనుకునే వయసు.

"అలా కాదు సార్," అంది హరిణి గారు. "టీకా లేనివాళ్ళు పదిమంది మంచాన పడే చోట, టీకా ఉన్నవాళ్ళు ఒక్కరు పడతారని ఆ తొంభైకి అర్థం. రక్షణ అందరికీ ఉంటుంది, ఎవరికీ పూర్తిగా ఉండదు. జబ్బు చేసినా చాలావరకు తేలిగ్గా పోతుంది. అందుకని వార్డులో ఉండేవాళ్ళకి మాస్కులూ కిట్లూ మాత్రం ఆపకూడదు సార్."

ప్రత్యేకాధికారి గారు శ్రద్ధగా విన్నారు. "సరే. ఆ ఒక్కరెవరు?" అన్నారు.

"ముందుగా తెలీదు సార్."

"తెలీదంటే ఎలాగమ్మా? మీరు శాస్త్రం చదువుకున్నారు గదా! ముందుచూపు లేకపోవడం వల్లే ఈ వ్యవస్థ ఇలా ఏడుస్తోంది. ముప్పై పేర్లూ సాయంత్రానికి నా బల్ల మీద ఉండాలి."

తెర ఆరిపోయింది. హరిణి గారు ముందు పెట్టుకున్న లెక్కల కాగితం మడిచేసింది. చెవిటివాడి ముందు శంఖం ఊదితే వాడు కనీసం ఏం కొరుకుతున్నావని అడుగుతాడు. ఇక్కడ ఆ ముచ్చటా లేదు.

సమస్య మా అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరు తాతాజీ గారి దగ్గరికి వచ్చింది. ఆసుపత్రిలో డాక్టర్లు రోగుల్ని చూస్తారు, డాక్టర్లని తాతాజీ గారు చూస్తారు. ఆయన కళ్ళజోడు నుదుటికి ఎక్కించి, "ఒరే అవతారం, వీళ్ళు అనవసరంగా కంగారు పడుతున్నారు. ఇది జబ్బు సమస్య కాదురా, పోస్టుల సమస్య. ముప్పై పోస్టులు సృష్టించి భర్తీ చేస్తే అయిపోయె," అన్నారు.

పేరు దగ్గర కొంచెం ఆగాం. అరక్షితులంటే సంఘంవాళ్ళు కోర్టుకెళతారు. శేష సిబ్బంది అంటే విందులో మిగిలిపోయిన కూరలా ఉంది. చివరికి ఆయనే దశమభాగం అన్నారు. గంభీరంగా ఉంది, లెక్కకీ సరిపోయింది. ఉత్తర్వు నేనే రాశాను: "విషయమును కూలంకషముగా పరిశీలించిన మీదట, టీకా వలన రక్షణ పొందజాలని పదవ వంతు సిబ్బందిని ఇందుమూలముగా దశమభాగ సిబ్బందిగా వ్యవహరించవలెను. వ్యాధి సోకుటకు అర్హత వీరికి మాత్రమే కలదు. తక్కిన సిబ్బంది తదుపరి ఉత్తర్వుల వరకు రక్షితులు."

నోటీసు బోర్డు మీద అది అంటించగానే మొదట మా గదిలోకి వచ్చింది సలోమి సిస్టర్. మహమ్మారి వార్డుకి హెడ్ నర్సు. షుగరుంది, మోకాళ్ళ నొప్పులున్నాయి, అడుగు నెమ్మది. చెయ్యి మాత్రం చురుకు. ఆవిడ సూది వేస్తే వేసినట్టే తెలియదు. ఊళ్ళో పెద్దపెద్దవాళ్ళు టీకా కోసం ఆవిడ బల్ల ముందే వరస కట్టారు, పక్క బల్ల ఖాళీగా ఉన్నా.

"దశమభాగం అంటే మా చర్చిలో దేవుడికిచ్చేదండి, అవతారం గారూ," అంది. "వచ్చినదాంట్లో పదోవంతు ముందు తీసి పక్కన పెడతాం. ఇక్కడ ఎవర్ని తీసి ఎవరికిస్తన్నారు బాబూ?"

"ఇంకా నిర్ణయించలేదు సిస్టర్. పరిశీలనలో ఉంది," అన్నాను.

ఆ రోజంతా టెలిఫోను మోగుతూనే ఉంది. మా బావమరిదిని అందులో వెయ్యకండి, మా చెల్లెలికి చిన్నపిల్లలున్నారు, ఫలానా నాయకుడు గారి మనిషి, చూసుకోండి. తాతాజీ గారు ఒక్కరికీ కాదనలేదు. ఔననీ అనలేదు.

మర్నాడు స్టోరు నుంచి మాస్కుల ఫైలు వచ్చింది. దాని మీద తాతాజీ గారు బుర్ర పెట్టారు. ఆయన బుర్ర పెట్టిన ఫైలు మామూలుగా బయటపడదు.

"రక్షితులకి మళ్ళీ రక్షణ ఎందుకురా? గొడుగు కింద గొడుగు పట్టుకుంటామా?" అన్నారు. "ఆడిటువాడు ఊరుకుంటాడా?"

దాంతో రెండో ఉత్తర్వు వెలువడింది. మాస్కులు, కిట్లు, తొడుగులు, రోజుకో కోడిగుడ్డు, సిబ్బంది కోసం ఆక్సిజనుతో సిద్ధం చేసిన ప్రత్యేక గది, జబ్బు సెలవు, అన్నీ దశమభాగానికే. రక్షితులకి రక్షణే చాలు.

గాలి తిరిగింది. నిన్న మా బావమరిదిని వెయ్యకండి అన్నవాళ్ళే ఇవాళ మా బావమరిది ఏం పాపం చేశాడని నిలదీశారు. ఉద్యోగుల సంఘం నాయకుడు బుల్లివీర్రాజు వరండాలో షామియానా వేయించాడు. ఆయన ఆసుపత్రిలో ఏ ఉద్యోగం చేస్తాడో నాకు గుర్తులేదు. నా దగ్గరున్న రిజిస్టరుకీ గుర్తులేదు.

"ఏవండీ ఏఓ గారూ, మా వోళ్ళు మనుసులు కాదేంటండీ?" అని మైకులో కేకేశాడు. "ఆపీసర్లకేనా జబ్బు? మాకు జబ్బు పడే హక్కు లేదా అండీ? ఇచ్చేదాకా ఇక్కణ్ణించి కదిలేది లేదంతే!"

ఆయనకి మూడు స్థానాలు ఇచ్చారు. కదిలాడు. ఆ మూడింట్లో ఒకటి ఆయనదే.

మిగతా వాటికి ఎంపిక చాలా తర్కబద్ధంగా జరిగింది. వార్డు నర్సులు అత్యవసర సిబ్బంది. వాళ్ళని దశమభాగంలో వేస్తే వాళ్ళకి జబ్బు సోకే అర్హత వస్తుంది. వాళ్ళకి జబ్బు సోకితే వార్డు ఎవరు చూస్తారు? కాబట్టి ప్రజాప్రయోజనం దృష్ట్యా వార్డు నర్సుల్ని ఒక్కరు మిగలకుండా రక్షితుల్లో వేశారు. దశమభాగంలోకి, తాము లేకపోయినా పని ఆగనివాళ్ళే రావాలి. ఆ ప్రకారం అకౌంట్సు సెక్షను, సూపరింటెండెంటు గారి డ్రైవరు, తోటమాలి, తాతాజీ గారు, మా సెక్షను మొత్తం వచ్చాం. నేను అడగలేదు. ఇచ్చారు గనక వద్దనలేదు. మాస్కు బాగానే ఉంది, చెవుల దగ్గర కొంచెం బిగుతు.

సలోమి సిస్టర్ మళ్ళీ వచ్చింది. ఈసారి తాతాజీ గారి గదిలోకే వెళ్ళింది.

"మాస్కులిప్పించండి సార్. నా పిల్లలు చున్నీలు కట్టుకుని వార్డులోకి వెళ్తన్నారు." నర్సులందరినీ ఆవిడ పిల్లలనే అనేది.

"సిస్టర్, మిమ్మల్ని రక్షితులని రాతపూర్వకంగా ప్రకటించాం. మీరు మాస్కు అడగడం అంటే ఆ ప్రకటనని శంకించడం. అది ప్రవర్తనా నియమావళికి విరుద్ధం."

"శంకించడానికి నాకు తీరిక ఎక్కడిదండీ? దగ్గేవాళ్ళ మొహాల మీదకి వంగి గొట్టాలు పెడతన్నాం. టీకా మంచిదేనండి, నేనే వేశాను మీ అందరికీ. మరి మీరెందుకు మాస్కు పెట్టుకున్నారు?"

"నాకు రక్షణ లేదు గదమ్మా," అన్నారు తాతాజీ గారు దీనంగా. "నేను దశమభాగం."

సలోమి సిస్టర్ ఆయన్ని చూసింది, నన్ను చూసింది, తిరిగి వార్డుకి వెళ్ళిపోయింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అనలేదు. హరిణి గారు తన దగ్గరున్న మాస్కుల పెట్టె తీసుకెళ్ళి వార్డులో పెట్టింది. నాలుగు పూటలు వచ్చాయి. తర్వాత, టీకా అనేది గోడ కాదు, వడగట్టే గుడ్డ లాంటిది, గుడ్డకి గుడ్డ తోడుండాలి అని ఒక నివేదిక రాసింది. దాని మీద "గుడ్డల విషయము లాండ్రీ విభాగమునకు సంబంధించినది" అని రాసి అటు పంపించాం.

ఆ తర్వాత మహమ్మారి నిజంగానే వచ్చింది. వార్డులు నిండాయి, వరండాలు నిండాయి. బుల్లివీర్రాజు షామియానా కింద కూడా మంచాలు వేశారు. వార్డు నర్సుల్లో ఒకళ్ళిద్దరికి జ్వరం వచ్చింది, పరీక్షలో మహమ్మారేనని తేలింది. అర్హత లేకుండా వ్యాధి పొందినందుకు సంజాయిషీ కోరుతూ మెమోలు ఇచ్చాం. సెలవు లేదు గనక వాళ్ళు మాత్ర వేసుకుని డ్యూటీకే వచ్చారు. వాళ్ళ నుంచి ఇంకొందరికి అంటింది.

ఇక దశమభాగం ముప్పై మందిమీ గుడ్లు తిని నిగనిగలాడుతున్నాం. తుమ్మిన పాపాన పోలేదు. ఇందులోనూ ఒక చిక్కు వచ్చింది.

"ముప్పై మందిలో ఎంతమందికి సోకింది?" అని అడిగారు ప్రత్యేకాధికారి గారు, తర్వాతి వీడియో సమావేశంలో.

"ఒక్కరికీ సోకలేదు సార్," అన్నారు విశ్వపతి గారు గర్వంగా.

"అంటే లక్ష్యం సున్నా శాతం సాధించారు. ఇంత అలసత్వమా?"

దశమభాగం అందరికీ మెమోలు వచ్చాయి, అర్హత ఉండీ ఇప్పటిదాకా జబ్బు పడకపోవడానికి కారణం తెలపమని. మెమోలు నేనే టైపు చేశాను, నాది నేనే అందుకున్నాను. "నా వైపు నుంచి ప్రయత్నలోపం లేదని సవినయముగా మనవి" అని జవాబు రాశాను. బుల్లివీర్రాజు మెమో చూసి హడలిపోయి కడుపునొప్పని ఇంటికెళ్ళిపోయాడు. అది మా ఖాతాలో వెయ్యడానికి కుదరదన్నారు, ఊపిరికి సంబంధించింది కాదని.

అలాంటి ఒక మధ్యాహ్నం సలోమి సిస్టర్ వార్డులో సిలిండరు పట్టుకుని నిలబడినదల్లా అలాగే కిందికి జారిపోయింది. రెండు రోజుల నుంచీ జ్వరం దాచుకుని తిరుగుతోందట. నేను వెళ్ళేసరికి పిల్లలు ఆవిడని బల్ల మీద పడుకోబెట్టారు. వేలికి తగిలించిన యంత్రంలో అంకె కిందికి దిగుతోంది. హరిణి గారు తాతాజీ గారితో వాదిస్తోంది.

"సిబ్బంది గదిలో ఆరు మంచాలు ఖాళీగా ఉన్నాయి సార్. ఆక్సిజనుంది. తాళం తీయించండి."

"అది దశమభాగానికి, డాక్టరు గారూ. సలోమి రక్షితురాలు."

"అయితే ఇదే వార్డులో కిటికీ పక్క మంచం ఇప్పుడే ఖాళీ అయింది. అక్కడ చేర్చుకుంటాను."

"అది ప్రజలకి. సలోమి సిబ్బంది." తాతాజీ గారు క్రూరుడు కాదు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. "నేనూ ఆలోచిస్తున్నానమ్మా. రెండే దార్లు. దశమభాగంలోంచి ఎవరైనా పరస్పర బదిలీకి ఒప్పుకుంటే ఆ స్థానంలోకి వస్తుంది. లేదా స్వచ్ఛంద పదవీ విరమణకి సంతకం పెడితే ఈ క్షణం నుంచే ప్రజల్లోకి వస్తుంది."

బుల్లివీర్రాజుకి ఫోను చేశాం. "నా ఆరోగ్యం నా సొంతం కాదండీ, సంగానిది. కార్యవర్గంలో పెట్టి సెప్తానండి," అన్నాడు. నేను మారతానని నోటిదాకా వచ్చింది. "నువ్వు మారితే ఈ బదిలీ ఫైలు ఎవడు పెడతాడు?" అన్నారు తాతాజీ గారు. అదీ నిజమే అనిపించింది. అలా అనిపించినందుకు ఇప్పటికీ ఆశ్చర్యం వెయ్యదు, నా సర్వీసు అలాంటిది.

విరమణ కాగితం సలోమి సిస్టర్ ముందు పెట్టారు. ఆవిడ కలం పక్కకి నెట్టేసింది.

"నర్సునండి," అంది, మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటూ. "నర్సుగానే... పడుకుంటాను. సంతకం... పెట్టను. పిల్లలు చూస్తన్నారు."

ఆవిడ పెదవులు నీలంగా మారుతున్నాయి. నాకు ఏడుపొచ్చింది. ఫైలు తడవకుండా పక్కకి తిరిగాను.

హరిణి గారు ఆ విరమణ కాగితం తీసి పక్కన పడేసింది. కేసు షీటు లాక్కుని గబగబా రాసింది. పేరు సలోమి. వృత్తి దగ్గర ఒక్క క్షణం ఆగి "గృహిణి" అని రాసి తాతాజీ గారి మొహం ముందు పెట్టింది. "ఇంటికెళ్ళి వంట చేస్తుంది సార్. అబద్ధమా?"

తాతాజీ గారు చదివారు. కళ్ళజోడు దించి మళ్ళీ చదివారు. "ఇల్లు గల స్త్రీ గృహిణి. ఉద్యోగిని గృహిణి కారాదని నియమం ఎక్కడా లేదు. ఈ షీటు మీద సిబ్బంది ప్రస్తావన లేదు." ఆయన మొహం విప్పారింది. "అభ్యంతరం లేదు. చేర్చుకోండి!"

కిటికీ పక్క మంచం మీదకి పిల్లలు ఆవిడని ఎత్తుకెళ్ళారు. రెండు రాత్రులు గండంగానే గడిచాయి. మూడో నాటికి అంకె పైకి రావడం మొదలైంది, ఆవిడ సైగ చేసి పక్క మంచం వాడి సెలైను సరిచెయ్యమని పిల్లల్ని తిట్టింది.

"టీకా పడింది గనక దక్కింది," అంది హరిణి గారు నాతో, మొహం కడుక్కుని వస్తూ. "ఆవిడ షుగరుకి, ఆవిడ వయసుకి, అది లేకపోతే మనం వేరే మాట మాట్లాడుకునేవాళ్ళం. మాస్కు కూడా ఉండుంటే అసలు పడేదే కాదేమో." నేను రాసుకోలేదు. రాసుకోవడానికి ఫైల్లో చోటు లేదు.

కాని దారి దొరికింది. ఆ తర్వాత జబ్బుపడిన నర్సులందరూ గృహిణులుగానే చేరారు. ఏసుదాసనే మగ నర్సు వచ్చినప్పుడు కొంచెం తటపటాయించాం. చివరికి "గృహిణి, పురుషుడు" అని రాసి చేర్చుకున్నాం. సిబ్బందిలో జబ్బు అనేదే లేకుండా పోయింది. ఇచ్చిన మెమోలన్నీ వెనక్కి తీసుకున్నాం. హెడ్ నర్సు సలోమి మీద మాత్రం అనధికార గైర్హాజరు కింద కొత్త మెమో ఇవ్వాల్సి వచ్చింది. ఆవిడ రోజూ ఆసుపత్రిలోనే ఉంది గాని డ్యూటీలో లేదు.

మూడువందల మంది సిబ్బంది, ఒక్క కేసు లేదు. నూటికి నూరు శాతం. నివేదిక వెళ్ళగానే ప్రత్యేకాధికారి గారు స్వయంగా వచ్చారు. ఆయనకి నుదురు కింద మొహం కూడా ఉందని అప్పుడే తెలిసింది.

సభ పెట్టారు. రక్షణ లేకపోయినా కేవలం మనోబలంతో మహమ్మారిని ఎదిరించినందుకు దశమభాగం ముప్పై మందికీ శాలువాలు కప్పారు. బుల్లివీర్రాజు రెండు కప్పించుకున్నాడు. ఆ తర్వాత, సిబ్బంది సేవల గురించి కోలుకున్న రోగి ఒకరు మాట్లాడాలన్నారు. ఆ రోజే డిశ్చార్జి అవుతున్నది ఒక్కరే. తాతాజీ గారు కాగితం చూసి చదివారు: "శ్రీమతి సలోమి, గృహిణి."

సలోమి సిస్టర్ కుర్చీల వరస పట్టుకుని నడుచుకుంటూ వచ్చింది. మనిషి సగం అయిపోయింది. మైకు ముందు నిలబడి సభంతా ఒకసారి వెతికి చూసింది.

"నన్ను బతికించింది ఒకటి ఆ టీకా అండి. రెండు హరిణమ్మ. మూడు ఆ వార్డులో నర్సు పిల్లలు. ఆ పిల్లలకి నలుగుర్లో దండం పెడదామని వచ్చానండి. ఇక్కడ ఒక్కరూ కనపడ్డం లేదు. సగంమంది పైన వార్డులో మంచాల మీదున్నారు. అందరూ గృహిణులైపోయారండి."

విశ్వపతి గారు చెమట తుడుచుకున్నారు. తాతాజీ గారు కళ్ళు మూసుకున్నారు. నేను శాలువా సర్దుకున్నాను. ఇంక దాక్కోవడానికి చోటు లేదనుకున్నాం.

ప్రత్యేకాధికారి గారు సూపరింటెండెంటు గారి వైపు ఒరిగారు. ఆయన మొహంలో కోపం స్పష్టంగా ఉంది.

"ఈ జిల్లాలో గృహిణుల్లో వ్యాధి ఇంత తీవ్రంగా ఉందా? నాకెందుకు చెప్పలేదు?"

విశ్వపతి గారు గబుక్కున తలూపారు. "ఉంది సార్. చాలా ఎక్కువగా ఉంది."

హరిణి గారు లేచి నిలబడింది, నిజం చెప్పేస్తుందనుకున్నాను. "ముఖ్యంగా ఈ ఆసుపత్రి వార్డుల్లో తిరిగే గృహిణుల్లో ఉంది సార్," అంది. "వాళ్ళకి మాస్కులు లేవు."

ఉత్తర్వు అక్కడికక్కడే వెలువడింది. సిబ్బందిలో వ్యాధి సమూలముగా నిర్మూలించబడినందున దశమభాగము రద్దు. వారి వద్దనున్న మాస్కులు, కిట్లు, కోడిగుడ్లు, ప్రత్యేక గది సహా, వార్డులందు సంచరించు గృహిణులకు తక్షణమే అందజేయవలెను. నేనే టైపు చేశాను. టైపు అయిన వెంటనే మాస్కు తీసి అప్పగించాను.

తర్వాతి సోమవారం వార్డు గుమ్మం దగ్గర స్టోర్ కీపరు బల్ల వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా ముందు సలోమి సిస్టర్, వెనకాల కోలుకున్న పిల్లలు, వాళ్ళ వెనకాల ఏసుదాసు. అందరూ తెల్ల యూనిఫారాల్లోనే ఉన్నారు. స్టోర్ కీపరు ఆవిణ్ణి ఎగాదిగా చూసి కలం పట్టుకుని ఆగిపోయాడు.

"వృత్తి ఏం రాయమంటారు సిస్టర్?"

"గృహిణి అని రాయండి బాబూ," అంది ఆవిడ, మాస్కు చెవులకి తగిలించుకుంటూ. "బేగా రాయండి, డ్యూటీకి వేళైపోయింది."